మొరపెట్టుటయా, లెక్క యడుగుటయా?

2020వ సంవత్సరము మే నెల 7వ తేదీ వేకువజామున విశాఖపట్టణము చెంతనున్న ఆర్.ఆర్. వెంకటాపురములో ఎల్.జి. పాలిమర్సు కర్మాగారమునుండి స్టైరీను ఆవిరి వెలువడి, నిద్రించుచున్న జనులపై గ్రమ్మెను. పండ్రెండుగురు ప్రాణములు గోల్పోయిరి. వందలకొలది జనులు ఆసుపత్రుల పాలైరి. పశువులు కట్టుగొయ్యలయొద్దనే కూలెను. ఆ నెలలోనే గుంటూరునందు అఱువదియేండ్లు దాటిన యొక స్త్రీ, ఈ దుర్ఘటనను గూర్చి ప్రభుత్వమును ప్రశ్నించు వ్రాత నొకదానిని ఫేసుబుక్కునందు పదుగురితో పంచుకొనినది. రాష్ట్ర నేరపరిశోధన విభాగమువా రామెపై కేసు నమోదుచేసి నోటీసు నిచ్చిరి. వర్గవైరములను రెచ్చగొట్టుట మొదలైన నేరముల విభాగములను దానికి తగిలించిరి. విషవాయువును గూర్చి యడిగిన ప్రశ్నకును వర్గవైరమునకును గల సంబంధమేమో మా కర్థము కాలేదు.

పిమ్మట జరిగినది గమనింపదగినది. రెండు నెలలు నిండకమునుపే, అనగా జూలై 6వ తేదీన, ప్రభుత్వమే నియమించిన ఉన్నతాధికారసంఘము తన నివేదికను సమర్పించెను. కర్మాగారమువారి యజాగ్రత్తయే ప్రమాదమునకు కారణమనియు, జనులను మేల్కొలుపవలసిన సైరను మ్రోగనే లేదనియు ఆ సంఘము తేల్చెను. మఱునాడే సంస్థయొక్క ముఖ్యాధికారియు మఱికొందఱును నిర్బంధింపబడిరి. ప్రభుత్వమే వేలకొలది పుటలలో వెదకి తెలిసికొనదలచిన విషయమును ఒక గృహిణి కొన్ని పంక్తులలో నడుగుట నేరమెట్లయ్యెనో చెప్పగలవా రెవ్వరును ఇంతవఱకు కానరాలేదు.

ఇది యొక్క ప్రభుత్వమునకో యొక్క పక్షమునకో చెందిన దోషమని యెవ్వరును భావింపకుందురుగాక. ఆ సంగతికి ముందుకు వత్తుము. మొదట విచారింపవలసినది వేఱొకటి కలదు. చేతిలోని ఫోనును సాధనముగా జేసికొని నేడు పౌరుడు ప్రభుత్వముతో మాటలాడుచున్నాడు. గుంతలుపడిన రోడ్డు ఛాయాచిత్రమును తీసి పెట్టుచున్నాడు. రేషనుడీలరు త్రాసును, ఆసుపత్రిలో ఖాళీగా నున్న వైద్యుని కుర్చీని, పింఛనుకై యెండలో నిలిచిన ముసలివారిని లోకమునకు చూపుచున్నాడు. ఇట్లు చూపుటలో అతడు చేయుచున్నది మొరపెట్టుటయా, లెక్క యడుగుటయా? పైకి రెండును నొక్కటిగనే తోచును. కాని మొదటిదానిని వినుట ప్రభువుయొక్క దయ. రెండవదానికి సమాధానము చెప్పుట సేవకునియొక్క విధి.

మన యాంధ్రదేశమున లెక్క యడుగుట క్రొత్త కాదు. 1908లో బెజవాడ 'స్వరాజ్య' పత్రికయందు తిరునల్వేలి కాల్పులను గూర్చి వెలువడిన వ్రాతకై గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రాజద్రోహనేరముపై కారాగారమున కేగిరి. చీరాల పేరాల గ్రామములను తమ యిష్టమునకు విరుద్ధముగా మునిసిపాలిటీగా జేసి పన్నులు పలురెట్లు హెచ్చించినప్పుడు, ఆ జనులు 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఇండ్లు వాకిండ్లు విడిచి ఊరివెలుపల రామనగరమను పేర పాకలు వేసికొని పదునొకండు నెలలకాలము ఎండకు వానకు నోర్చిరి. మహజరులు పంపుటతో వారి ఉద్యమ మారంభమైనది. మహజరులకు బదులు రాకపోవుటచేత అది పాకలవఱకు వచ్చినది. పన్ను గట్టువాడు దాని ప్రయోజనమును అడుగవచ్చునని వారు నమ్మిరి. అంతకుమించి వారికి రాజకీయసిద్ధాంత మవసరము కాలేదు.

స్వాతంత్ర్యము వచ్చినపిదప ఈ నమ్మకమునకు రాజ్యాంగబలము చేకూరినది. వాక్స్వాతంత్ర్యమును ప్రసాదించిన 19వ అధికరణమును ఎల్లరు నెఱుగుదురు. పెక్కుర యెఱుకలో లేని 350వ అధికరణ మింకొకటి కలదు. కేంద్రమునందుగాని రాష్ట్రమునందుగాని వాడుకలోనున్న యే భాషయందైనను ఏ యధికారికైనను తన కష్టమును గూర్చి విన్నపము చేసికొను హక్కు ప్రతివానికి గలదని యది చెప్పుచున్నది. తెలుగున వ్రాసికొన్న యర్జీని ఢిల్లీలోని యధికారి సైతము త్రోసిపుచ్చరాదు. అయితే ఈ యధికరణమునందొక లోపము గలదు. విన్నపము చేసికొను హక్కును చెప్పినదేకాని, ఇన్ని దినములలో బదులు రావలెనని చెప్పలేదు. విన్నపము పంపుట పౌరునివంతు. పిమ్మట బీరువాలో నది యెంతకాల ముండునో దైవమున కెఱుక!

ఫోను వచ్చినపిదప మాఱినది ముఖ్యముగా ఇదియే. బీరువాలో మూలుగుచుండెడి యర్జీ ఇప్పుడు బజారున గోడపై నంటించినట్లైనది. దాని నందఱును చదువుచున్నారు. బదులు రాలేదను సంగతియు నందఱకు దెలియుచున్నది.

దీని ప్రయోజన మెంతటిదో 2021 ఏప్రిలు నెలలో దేశమునకు విశదమైనది. కోవిడు రెండవ విజృంభణమున ఆసుపత్రులలో పడకలు లేక, ప్రాణవాయువు దొరకక జనులు తల్లడిల్లుచుండగా, ప్రభుత్వ దూరవాణీ సంఖ్యలు పలుకని వేళ, సామాజిక మాధ్యమములే సహాయకేంద్రములైనవి. ఏ వీథిలో సిలిండరు గలదు, ఏ యూర మందు దొరకును, ఎవ్వరి రక్తము సరిపడును అను వార్త లొకరి నుండి యొకరికి క్షణములలో ప్రాకెను. ఆ యాపత్సమయముననే ఉత్తరప్రదేశమునందు అమేథీ పోలీసులు, తన తాతకు ప్రాణవాయువు గావలెనని ట్విట్టరునందు ప్రాధేయపడిన యొక యువకునిపై, వదంతులు పుట్టించుచున్నాడని కేసు పెట్టిరి. తాత మరణించెను, కేసు మిగిలెను. కేంద్రప్రభుత్వపు కోవిడు నిర్వహణమును విమర్శించిన ట్వీట్లలో గొన్నిటిని ప్రభుత్వపు కోరికపై ట్విట్టరు సంస్థ మనదేశమున కనబడకుండ జేసినదియు నా దినములయందే. వానిలో నాడు మల్కాజిగిరి లోకసభాసభ్యులుగా నుండిన శ్రీ రేవంత్ రెడ్డిగారిది యొకటి.

ఏప్రిలు 30వ తేదీన సుప్రీముకోర్టు జోక్యము కలుగజేసికొన్నది. న్యాయమూర్తులు చంద్రచూడు, నాగేశ్వరరావు, రవీంద్రభట్టు గారలతో గూడిన ధర్మాసనము, ఇంటర్నెట్టునందు తమ కష్టములు చెప్పుకొను పౌరులను అసత్యవాదులని ముందే నిశ్చయించి వేధింపరాదనియు, అట్లు వేధించుటను కోర్టుధిక్కారముగా నెంతుమనియు స్పష్టపఱచి, ఆ యుత్తరువును రాష్ట్రముల ప్రధానకార్యదర్శులకును పోలీసు అధిపతులకును పంపించెను. ఆ ధర్మాసనమున నొకరైన నాగేశ్వరరావుగారు చీరాలవారు. నూఱేండ్లక్రిందట ఆ చీరాలలోనే పాకలు వేసికొన్న జనులు ఈ యుత్తరువును వినియున్నచో సంతసించియుందురు.

ఆరేండ్లకు ముందే ఇదే విషయమున సుప్రీముకోర్టు మఱింత గట్టిగా పలికియుండెను. సమాచార సాంకేతిక చట్టమునందు 2008లో చేర్చబడిన 66-ఏ విభాగము, పరులకు చికాకు గాని యసౌకర్యము గాని కలిగించు సందేశమును పంపినవారికి మూడేండ్ల చెఱను విధించుటకు వీలొసగినది. చికాకు! ప్రశ్నించినపుడు చికాకుపడని యధికారి యెక్కడ గలడు? 2012లో బొంబాయి చెంతనున్న పాల్ఘరులో నగరపు బందును గూర్చి ఫేసుబుక్కున నాలుగు మాటలు వ్రాసిన యువతిని, దానిని మెచ్చుకొన్న స్నేహితురాలినిగూడ నిర్బంధించిరి. మనవైపున 2013 మే నెలలో నాటి ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘాధ్యక్షురాలైన న్యాయవాదినిని, ఒక శాసనసభ్యుని గూర్చియు నొక గవర్నరును గూర్చియు వ్రాసిన వ్రాతకై పట్టుకొనిపోయిరి. శ్రేయా సింఘాల్ అను న్యాయశాస్త్ర విద్యార్థిని వేసిన వ్యాజ్యముపై, కృష్ణాజిల్లావారైన న్యాయమూర్తి చలమేశ్వరుగారును, నారిమనుగారును 2015 మార్చి 24వ తేదీన ఆ విభాగమును సమూలముగా గొట్టివేసిరి. చర్చించుట వేఱు, వాదించుట వేఱు, హింసకు పురికొల్పుట వేఱనియు, మూడవదానినిమాత్రమే చట్టము నిగ్రహింపవచ్చుననియు తీర్పు చెప్పిరి.

చట్టము చచ్చినను పోలీసుస్టేషనులలో దాని ప్రేత ముండిపోయెను. కొట్టివేయబడిన విభాగము క్రిందనే దేశమున పలుచోట్ల ఏండ్లతరబడి కేసులు కట్టుచు వచ్చిరి. పౌరహక్కుల సంఘమువారు మరల కోర్టు గడప త్రొక్కగా, ఇకమీద ఆ విభాగము క్రింద నెవ్వరిని విచారింపరాదని 2022 అక్టోబరు 12వ తేదీన సుప్రీముకోర్టు మఱల చెప్పవలసివచ్చెను. ఒక్క తీర్పు న్యాయస్థానమునుండి ఠాణావఱకు నడచుటకు ఏడున్నరయేండ్లు పట్టినది. గాడిచర్లవారిని జైలుకు పంపిన రాజద్రోహవిభాగపు గతియు నిట్టిదే. ప్రధానన్యాయమూర్తి రమణగారి ధర్మాసనము 2022 మే 11వ తేదీన దాని యమలును నిలిపివేసెను. 2024 జూలై 1వ తేదీనుండి యమలులోనికి వచ్చిన న్యాయసంహితలో ఆ పేరు లేదు. కాని దేశపు సార్వభౌమత్వమునకు హాని కలిగించుటయను పేరుతో 152వ విభాగము కలదు. పేరు మాఱినంతమాత్రమున నైజము మాఱునా యను సంశయము న్యాయవాదులలో పలువురకు గలదు. మాకును గలదు.

ఇక పక్షముల సంగతి. విశాఖ దుర్ఘటననాడు ఆంధ్రప్రదేశమున అధికారమందున్నది వైయస్సార్ కాంగ్రెసు. అప్పుడు పౌరస్వేచ్ఛను గూర్చి గంభీరోపన్యాసములు చేసినది తెలుగుదేశము. 2024లో అధికారము చేతులు మాఱినది. ఆ సంవత్సరము నవంబరులో వైయస్సార్ కాంగ్రెసు సోషల్ మీడియా కార్యకర్తలపై కేసులు వరుసగా నమోదైనవి; గంభీరోపన్యాసములును చేతులు మాఱినవి. తెలంగాణమునను నంతే. 2021లో ఎవరి ట్వీటు మాయమైనదో ఆ రేవంత్ రెడ్డిగారు ముఖ్యమంత్రిగా నుండగా, 2025 మార్చి 12వ తేదీ తెల్లవాఱుజామున ఇద్దఱు మహిళాపాత్రికేయులను, ముఖ్యమంత్రిని తూలనాడుచు ఒక వ్యక్తి పలికిన మాటలను ప్రసారము చేసినందులకు నిర్బంధించిరి. ప్రతిపక్షమునందుండగా వాక్స్వాతంత్ర్యమును ప్రాణాధికముగా బ్రేమించి, సింహాసన మెక్కగనే దానిని మఱచుట మన నాయకులకు వ్యాధివలె సంక్రమించినది.

ఎదుటివారి వాదమునుగూడ న్యాయముగా నెన్నవలెను. సోషల్ మీడియాలో వచ్చునదంతయు ప్రజావాణి యని మేము వ్రాయజాలము. నాయకుల కుటుంబస్త్రీలను, చిన్నబిడ్డలను సైతము విడువక, వ్రాయుటకు వీలులేని మాటలతో దూషించు జీతగాండ్రను పక్షము లన్నియును పోషించుచున్నవి. 2024 నాటి కేసులలో గొన్ని యిట్టి వ్రాతలపైననే. అవమానింపబడిన స్త్రీకి చట్టము నాశ్రయించు హక్కు సంపూర్ణముగా గలదు. మా వాదమెల్ల ఒక్కటే: పచ్చిబూతునకును ప్రశ్నకును భేదము తెలియని పోలీసు లేడు, తెలియనట్లు నటింపుమని పైనుండి వచ్చెడి సైగలే కలవు. ఈ సైగలకు కొంత కళ్లెము వేయుటకు తెలంగాణ హైకోర్టు 2025 సెప్టెంబరు 10వ తేదీన పోలీసులకు మార్గసూత్రములు నిర్ణయించినది. ఫిర్యాదుచేసినవాడు నిజముగా బాధితుడా యని మొదట చూడవలెను. నేరమున్నదో లేదో ప్రాథమికవిచారణ చేయవలెను. రాజకీయ విమర్శ యెంత కఠినముగా నున్నను, హింసకు పురికొల్పనిచో యాంత్రికముగా కేసు కట్టరాదు. ఆ సంవత్సరము మార్చి 28వ తేదీన గుజరాతునుండి వచ్చిన యొక కవితాపఠనపు కేసులో సుప్రీముకోర్టు చెప్పినదియు నీ మార్గముననే యున్నది.

అయితే కేసులు లేకుండ బోయినంతమాత్రమున పని నెఱవేఱునా? మేము మొదట వేసిన ప్రశ్నకు మరల వత్తుము.

పూర్వము రాజులు కోటవాకిట ధర్మగంట గట్టించిరని కథలలో చెప్పుదురు. కష్టము కలిగినవాడు గంట లాగును. రాజు లేచి వచ్చి న్యాయము చెప్పును. నేటి మంత్రులకు ట్విట్టరే ధర్మగంటయైనది. విదేశాంగమంత్రిణిగా 2014 మొదలు 2019 వఱకు నున్న సుష్మా స్వరాజ్ గారు గల్ఫుదేశములలో చిక్కుకొన్న కూలీల మొరలను ట్విట్టరులో విని స్వయముగా బదులిచ్చుచుండిరి. ఆ కూలీలలో కరీంనగరము, నిజామాబాదు, గోదావరి జిల్లాలనుండి పోయిన మనవారెందఱో గలరు. ఆమె చేసిన మేలును తక్కువ చేసి చెప్పుట కృతఘ్నత యగును. 2019 మార్చిలో మంచిర్యాల జిల్లా రైతొకడు, తన భూమి రెవిన్యూ కాగితములలో ఇతరులపేర నెక్కినదని ఫేసుబుక్కులో మొరపెట్టుకొనగా, నాటి ముఖ్యమంత్రి చంద్రశేఖరరావుగారు స్వయముగా ఫోనుచేసి మాటలాడిరి. వెంటనే జిల్లా యంత్రాంగమంతయు కదలినది. పత్రికలు ప్రశంసించినవి.

మేమును రైతుపక్షమున సంతసించితిమి. కాని భూమి గలవారైన మా పాఠకులొక్కసారి యోచింపగోరెదము. భూమితగవున కెల్లప్పుడు రెండు పక్షము లుండును. పహాణీ, అడంగలు, పట్టా, అనుభవము, సరిహద్దులు, వారసత్వము ఇవన్నియు విచారించి తేల్చవలసినది తహశీలుదారు. ముఖ్యమంత్రి ఫోను మ్రోగినపిదప ఆ తహశీలుదారు విచారించునా, ఆజ్ఞను శిరసావహించునా? అదిగాక, ఆ దినమున అట్టి చిక్కులోనే యున్న తక్కిన రైతుల సంగతి యేమి? వీడియో తీయుట తెలియనివాడు, తీసినను నూఱుమంది చూడనివాడు, ఫోనే లేని ముసలమ్మ ఈ గంటత్రాడు నందుకొనగలరా? పూర్వపు జమాబందీలో నెన్ని లోపములున్నను, గ్రామలెక్కలు బయట పఱచినప్పుడు ప్రక్కవాని లెక్కయు, మోతుబరి లెక్కయు, కూలివాని లెక్కయు నొక్కచోటనే తెఱవబడెను. ధర్మగంటలో నా గుణము లేదు. గంట లాగినవానికే న్యాయము. రాజు నిద్రించినచో వానికిని లేదు.

కావున ఫోనులో పెట్టిన మొర కాగితముపై లెక్కగా మాఱవలెను. అందులకు సాధనము మన చేతనే యున్నది. 350వ అధికరణము చెప్పక విడిచిన గడువును 2005 అక్టోబరు 12వ తేదీనుండి పూర్తిగా నమలైన సమాచారహక్కు చట్టము చెప్పినది. ముప్పది దినములలో బదులీయవలెను. ప్రాణమునకో స్వేచ్ఛకో సంబంధించినదైనచో నలువదియెనిమిది గంటలలో నీయవలెను. అకారణముగా జాప్యముచేసిన యధికారికి దినమునకు 250 రూపాయల చొప్పున 25,000 రూపాయలవఱకు జరిమానా వేయవచ్చును. 2005లో మన రాష్ట్రమున జేసిన నియమముల ప్రకారము గ్రామస్థాయిలో దరఖాస్తునకు రుసుమే లేదు. మండలమున నైదు రూపాయలు, ఆపైన పది రూపాయలు. ఈ చట్టమునకు మూలము ఢిల్లీలోని పండితులు కారు. రాజస్థానములో కూలిపనులు చేసికొను స్త్రీపురుషులు 1994 చివరనుండి ఊరి నడుమ జనసభలు జరిపి, పంచాయతీ లెక్కలను బిగ్గఱగా చదివించి, చేయని పనికి వ్రాసిన కూలిని బయటబెట్టిరి. ఆ పద్ధతి 2006 మొదలు మన యాంధ్రదేశమునకు వచ్చి ఉపాధిహామీపనుల సామాజిక తనిఖీగా రూపొందెను. మస్టరురోలులో పేరు చదువగా, ఆ పేరుగలవాడు లేచి నిలిచి, నేనా వారము పనికే పోలేదని చెప్పెడివాడు. కొన్నిచోట్ల చచ్చినవారి పేర్లును వినబడెడివి. దీనికి మించిన సోషల్ మీడియా యేది?

గుంతరోడ్డు ఛాయాచిత్రమును పెట్టినవాడు అంతటితో నాగినచో నొక బుట్టెడు కంకర పడవచ్చును. ఆ రోడ్డునకు మంజూరైన సొమ్మెంత, కంట్రాక్టరెవ్వడు, కొలతలపుస్తకమున సంతకము చేసిన ఇంజనీరెవ్వరు, నిర్వహణబాధ్యత యెన్నియేండ్లు అను నాలుగు ప్రశ్నలు దరఖాస్తుగా వేసి, వచ్చిన బదులును ఆ ఛాయాచిత్రము ప్రక్కనే పెట్టినచో, ఆ యూరంతయు లెక్క తెలిసినదగును. బదులు రానిచో రాలేదనియే పెట్టవచ్చును. అప్పుడు ఫోను గలవాడు ఫోను లేనివానికిగూడ అక్కఱకు వచ్చును.

ప్రభుత్వములకు నీ సంగతి మనకంటె ముందే తెలిసినట్లున్నది. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచారరక్షణ చట్టము, సమాచారహక్కు చట్టములోని 8(1)(జె) నిబంధనను మార్చినది. ప్రజాకార్యములతో సంబంధములేని వ్యక్తిగత విషయములనే యీయనక్కఱలేదని పూర్వముండెను. శాసనసభకు నిరాకరింపరానిదానిని పౌరునికిని నిరాకరింపరాదను మాటయు నుండెను. ఇప్పుడు వ్యక్తిగత సమాచారమన్నచో చాలును. మస్టరురోలులోని పేరును వ్యక్తిగతమే, కంట్రాక్టరు పేరును వ్యక్తిగతమే యని గుమాస్తా వ్రాసిపంపినచో, ప్రజాహితముకొఱకు 8(2) క్రింద నీయవచ్చునని వాదించుకొనుచు పౌరుడు కమీషనుచుట్టు తిరుగవలసినదే. ఇంటర్నెట్టులోని వ్రాతలను తొలగింపజేయు ఉత్తరువుల సంగతియు నిట్లే యున్నది. 2009 నాటి నియమములలో 16వది వానిని రహస్యముగా నుంచుమనుచున్నది. తన వ్రాత నెందులకు తొలగించిరో వ్రాసినవానికే తెలియనప్పుడు, అతడు ఏ కోర్టున నేమని వాదించును?

రెండు తెలుగు ప్రభుత్వములను మే మొకటి కోరుచున్నాము. రాష్ట్రము విడిపోయిన 2014 జూను మొదలుకొని నేటివఱకు, సామాజిక మాధ్యమములందలి వ్రాతలపై తమ పోలీసు లెన్ని కేసులు కట్టిరో, వానిలో ప్రభుత్వ విమర్శపైన నెన్నియో, స్త్రీలపై దూషణలపైన నెన్నియో, ఎందఱిని నిర్బంధించిరో, ఎన్నిటిలో శిక్ష పడెనో, ఎన్నిటిని హైకోర్టు కొట్టివేసెనో జిల్లాలవారీగా లెక్కకట్టి శాసనసభల బల్లలపై నుంచవలెను. అందు గుంటూరు కేసు గతి యేమైనదో యొక పంక్తి యుండవలెను. ఈ లెక్కలో నేపక్షపు పాలనకును మినహాయింపు లేదు గనుక, అడుగుటకు ప్రతిపక్షములకును, ఇచ్చుటకు ప్రభుత్వములకును సంకోచ మక్కఱలేదు. వారు తమంతట నీయనిచో, ఏ జిల్లావారు ఆ జిల్లా పోలీసుకార్యాలయమున పది రూపాయలు గట్టి యడుగవచ్చును. వచ్చిన బదులును మాకు పంపినచో తప్పక ప్రకటింతుము.